పాత బండి మొరాయిస్తే తప్పు ఇంజిన్‌దేనా?

సంక్షిప్తంగా: పదేళ్లు దాటిన కార్బరేటర్ (పెట్రోలు, గాలి కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) బళ్లలో "ఇంజిన్ పోయింది" అనిపించే లక్షణాల్లో చాలావాటికి మూలం ఇంజిన్ లోపల ఉండదు. పెట్రోలు, గాలి, స్పార్క్ ఇంజిన్‌కు చేరే దారుల్లో ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉప్పు గాలి, నెలల తరబడి బండి కదలకుండా ఉండటం, 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ముందుగా దెబ్బతీసేది ఆ దారుల్నే. సిలిండర్ బోర్ (అరిగిన సిలిండర్‌ను లేత్ మీద కోసి పెద్దది చేయడం) చేయించాలో వద్దో తేల్చేది కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నలుగుతోందన్నది) పరీక్ష, టాపెట్ (వాల్వ్ దగ్గరి ఖాళీ) కొలత. శబ్దాన్నో పొగనో చూసి వేసే అంచనా సరిపోదు.

సంక్రాంతికి ముందు వారం పలాస, సోంపేట, టెక్కలి, చీపురుపల్లి లాంటి చోట్ల మెకానిక్ షెడ్ల ముందు బళ్లు వరుస కడతాయి. హైదరాబాదుకో చెన్నైకో భవన నిర్మాణ పనులకు వెళ్లినవాళ్లు పండక్కి ఊరొచ్చి, ఆరేడు నెలలుగా అరుగు పక్కన నిలబడిన బండికి కిక్ కొడతారు. అది పలకదు. పలికినా చోక్ తీస్తే ఆగిపోతుంది. "ఇంజిన్ పని పడింది" అనే మాట అక్కడే పుడుతుంది. గత రెండేళ్లుగా దానికి "కొత్త పెట్రోలు ఇంజిన్‌ని తినేస్తోంది" అనే మాట కూడా తోడైంది.

ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఎంత నిజమో తేలాలంటే పాత బండి పెట్రోలును ఎలా వాడుకుంటుందో ముందు చూడాలి.

పాత బండి అంటే ఏది

ఇక్కడ పాత బండి అంటే ఎక్కువగా కార్బరేటర్ ఉన్న బండి. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, బజాజ్ బాక్సర్, సీటీ 100, టీవీఎస్ విక్టర్, పాత పల్సర్, ఇంకా ప్రాణంలా చూసుకునేవాళ్ల దగ్గర మిగిలిన యమహా ఆర్ఎక్స్ 100, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక అమ్మిన బళ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది. వాటిలో సెన్సర్లు ఇంజిన్ పరిస్థితిని చూసి పెట్రోలు పాళ్లను సరిచేస్తాయి. కార్బరేటర్‌కు ఆ తెలివి లేదు. జెట్ (పెట్రోలు బయటికి వచ్చే సన్నటి మర) రంధ్రం ఎంతుంటే అంత పెట్రోలు వదులుతుంది, వచ్చే పెట్రోలులో ఏం కలిసిందో దానికి పట్టదు.

అయితే ఈ తెలివి లేకపోవడమే మరమ్మతుకు కలిసొచ్చే విషయం కూడా. కార్బరేటర్ బండిలో ప్రతి లోపానికీ కంటికో చెవికో చేతికో దొరికే ఆనవాలు ఉంటుంది. స్కానర్ అవసరం లేదు. వరుస తప్పకుండా వెతికే ఓపిక ఉంటే చాలు.

పెట్రోలులో మారింది ఏమిటి

దేశంలో పెట్రోలులో ఇథనాల్ కలపడం 2003లోనే 5 శాతంతో మొదలైంది. 2022 జూన్‌లో అది 10 శాతానికి చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం మిశ్రమం, అంటే ఈ20, కొన్ని బంకుల్లో మొదలై 2025 నాటికి దేశమంతా మామూలు పెట్రోలు అయిపోయింది. 2030కి అనుకున్న లక్ష్యాన్ని ఐదేళ్లు ముందుకు జరిపారు. దీనిపై వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి బంకులో ఏ పెట్రోలు పోయించుకోవాలనే ఎంపిక చాలామందికి లేదు. ఉన్న పెట్రోలుతో బండిని ఎలా నడుపుకోవాలన్నదే మిగిలిన ప్రశ్న.

ఇథనాల్ పాత ఇంజిన్ మీద మూడు రకాలుగా పనిచేస్తుంది.

మొదటిది పాళ్ల సంగతి. శుద్ధ పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఈ20కి ఈ లెక్క 13.5 దగ్గర తేలుతుంది. పాత జెట్లు పాత లెక్కతోనే పెట్రోలు వదులుతాయి కాబట్టి మిశ్రమంలో గాలి పాలు కాస్త ఎక్కువవుతుంది. మెకానిక్‌లు దీన్నే "లీన్" అంటారు. పొద్దున్నే స్టార్ట్ కావడానికి రెండు కిక్‌లు ఎక్కువ పడటం, యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే బండి తడబడటం దీని లక్షణాలు. చాలా పాత బళ్ల కార్బరేటర్లను కంపెనీలు కొంచెం పెట్రోలు ఎక్కువ ఉండేలానే సెట్ చేశాయి కాబట్టి అన్ని బళ్లలో ఈ తేడా బయటపడదు. ఎయిర్ స్క్రూ సరిచేస్తే చాలావరకు సర్దుకుంటుంది. దానితోనూ తగ్గకపోతే ఒక సైజు పెద్ద పైలట్ జెట్ (ఐడిలింగ్‌లో పెట్రోలు ఇచ్చేది, దీన్నే స్లో జెట్ అని కూడా అంటారు) వేసే పద్ధతి ఉంది.

రెండోది శక్తి. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ. ఈ20లో ఆ లోటు ఆరేడు శాతం. నీతి ఆయోగ్ 2021 నాటి నివేదిక పాత ద్విచక్ర వాహనాల్లో మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని అంచనా వేసింది. ఈ అంకె గుర్తుంచుకోదగ్గది. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి ఈ లెక్కన 57, 58కి రావాలి. అంచనాకు రెట్టింపు పడినా 55 దగ్గర ఆగాలి. 40కి పడిపోయిందంటే దోషం ఇథనాల్‌ది కాదు. పట్టేసిన బ్రేకు, గాలి తగ్గిన టైరు, మురికి పట్టిన ఎయిర్ ఫిల్టర్, జారుతున్న క్లచ్, ఇలాంటివి వెతకాలి.

మూడోది, పాత బండికి అసలు ఇబ్బంది తెచ్చేది, ఇథనాల్‌కు నీటితో ఉన్న చుట్టరికం. పెట్రోలు, నీరు కలవవు. ఇథనాల్ మాత్రం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పైగా అది మంచి ద్రావకం కూడా. ఏళ్లుగా ట్యాంకు గోడలకు, పైపులకు పట్టిన జిగురును కరిగించి కిందికి దింపుతుంది. పాత రకం రబ్బరు పైపులు, ఓ-రింగులు దీనికి ఉబ్బుతాయి, తర్వాత గట్టిపడి పగులుతాయి. పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో ఇచ్చిన వివరణ కూడా కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని ఒప్పుకుంది. ఇవి చౌక సామాన్లే. కానీ పగిలిన ఓ-రింగును కనిపెట్టకపోతే ఖర్చు అక్కడితో ఆగదు.

నిలబడిన బండిలో జరిగేది

రోజూ నడిచే బండికి ఈ20తో పెద్ద ఇబ్బంది రాదు. పోసిన పెట్రోలు వారంలో అయిపోతుంది, తేమ పీల్చుకునే వ్యవధి దానికి దొరకదు. కథ మారేది బండి నిలబడినప్పుడు. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. విజయనగరం జిల్లాకు పూసపాటిరేగ, భోగాపురం మండలాల్లో తీరం ఉంది. వానాకాలమంతా గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీ ట్యాంకులో ఆ తేమగాలే నిండుతుంది. రాత్రి చల్లబడినప్పుడు రేకు లోపలి వైపు చెమటలా నీరు పడుతుంది. ఇథనాల్ దాన్ని కొంతవరకు తనలో కలుపుకుంటుంది. వాన నీరు మూత సందులోంచి దిగి మోతాదు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. పెట్రోలు పైప్ మొదలయ్యేది ఆ అడుగు నుంచే.

అందుకే కొన్ని బళ్లు "మెయిన్‌లో బాగానే నడిచి రిజర్వ్‌లో పెట్టగానే ఆగిపోతున్నాయి". పెట్రోలు ట్యాప్ లోపల రెండు గొట్టాలు ఉంటాయి. మెయిన్ గొట్టం పొడవుగా పైకి ఉంటుంది, రిజర్వ్ మార్గం అడుగునే మొదలవుతుంది. నీరు, తుప్పు రజను కూడా ఉండేది అడుగునే. రిజర్వ్‌లో పెట్టగానే ముందు వచ్చేది అవే. దీనికి మందు ట్యాంకు దింపి కడగడం. కార్బరేటర్ ఎన్నిసార్లు శుభ్రం చేసినా వారానికి మళ్లీ అదే తంతు.

కార్బరేటర్ కింద ఉండే ఫ్లోట్ గిన్నెలో మిగిలిన పెట్రోలుది ఇంకో కథ. అది నెలల తరబడి ఆవిరవుతూ చివరికి గోధుమ రంగు జిగురుగా మిగులుతుంది. తేమ పీల్చిన ఇథనాల్ అల్యూమినియం, జింక్ భాగాల మీద తెల్లటి పొడి పుట్టిస్తుంది. స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. మొదట మూసుకుపోయేది అదే. సంక్రాంతి బళ్లు చోక్ మీద మాత్రమే నడిచి, చోక్ తీస్తే ఆగిపోవడానికి కారణం ఇది. ఇంజిన్‌లో ఒక్క భాగం కూడా అరగకుండానే వచ్చే జబ్బు.

ఊరు విడిచి వెళ్లేటప్పుడు పది నిమిషాల పనితో దీన్ని ఆపొచ్చు. పెట్రోలు ట్యాప్ కట్టేసి, ఫ్లోట్ గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి అందులోని పెట్రోలు సీసాలోకి దింపేయాలి. రెండు మూడు నెలలైతే ట్యాంకు నిండుగా ఉంచడం మేలు, లోపల గాలికి చోటుండదు. అంతకు మించితే ట్యాంకు ఖాళీ చేసి, లోపల కాస్త ఇంజిన్ ఆయిల్ తిప్పి వదిలేయడమే నయం. ఇంట్లోవాళ్లు వారానికోసారి రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు మంచి ఉద్దేశంతోనే పుట్టింది కానీ ఇంజిన్‌కు మంచిది కాదు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్, సైలెన్సర్ పూర్తిగా వేడెక్కకపోతే ఆ ఆవిరి లోపలే నీరై ఆయిల్‌లో కలుస్తుంది, సైలెన్సర్‌ను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. నడిపితే పది పదిహేను కిలోమీటర్లు నడపాలి, లేకపోతే ముట్టుకోకపోవడమే మేలు.

వెతకాల్సిన వరుస

స్టార్ట్ కాని బండికి పెట్రోలు, స్పార్క్, కంప్రెషన్, ఈ మూడింటిలో ఒకటో రెండో లేవని అర్థం. చూడాల్సిన వరుస కూడా ఇదే, ఎందుకంటే మొదటిది చూడటానికి ఒక స్క్రూ డ్రైవర్ చాలు, చివరిది తప్పయితే వేలల్లో ఖర్చు. చాలాసార్లు జరిగేది తిరగబడిన వరుస. బండి లాగట్లేదనగానే ఇంజిన్ విప్పడం, జ్వరమొచ్చిందని పొట్ట కోయడం లాంటిదే.

పెట్రోలు వస్తోందో లేదో తెలియడానికి ఫ్లోట్ గిన్నె డ్రెయిన్ స్క్రూ వదులు చేసి చూడాలి. ధార ఆగకుండా రావాలి. గాజు సీసాలోకి పట్టి కాసేపు ఉంచితే అడుగున నీటి పొర ఉందో లేదో కనిపిస్తుంది. ధార మొదట బాగా వచ్చి తర్వాత సన్నబడితే ట్యాంకు మూత తెరిచి మళ్లీ చూడాలి. మూతకు గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుంటే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు దిగదు. వానలో నీరు దిగకుండా మూత కింద పాలిథిన్ కవరు ముక్క పెట్టినా ఇదే జరుగుతుంది. అలాంటి బండి కొన్ని కిలోమీటర్లు నడిచి ఆగుతుంది, కాసేపు ఉంచితే మళ్లీ నడుస్తుంది, దాంతో "ఇంజిన్ వేడెక్కి ఆగిపోతోంది" అనే తప్పు తీర్పు పడుతుంది.

జెట్లు శుభ్రం చేసేటప్పుడు ఒక జాగ్రత్త. గాలి పంపుతోనో కార్బరేటర్ స్ప్రేతోనో ఊదాలి. రాగి తీగ, పిన్నీసు దూర్చితే రంధ్రం పెద్దదవుతుంది. ఆ తర్వాత ఆ బండి మైలేజీ ఏ ట్యూనింగ్‌కూ లొంగదు, కొత్త జెట్ వేయాల్సిందే. ఐడిలింగ్‌లో ఇంజిన్ వేగం దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే కార్బరేటర్‌కు, సిలిండర్ హెడ్‌కు మధ్య ఉన్న ఓ-రింగో రబ్బరు భాగమో పగిలి గాలి లాగుతోందని అనుమానించాలి. ఈ20 ముందుగా కొరికే భాగాల్లో ఇదొకటి. ఇక్కడ లాగే గాలి మిశ్రమాన్ని ఇంకా లీన్ చేసి ఎగ్జాస్ట్ వాల్వ్‌ను వేడెక్కిస్తుంది. పది రూపాయల రబ్బరు ఇంజిన్ పనికి దారితీసేది ఇలాగే.

స్పార్క్ చూడటానికి ప్లగ్ విప్పి, క్యాప్‌కు తగిలించి, ప్లగ్ లోహపు భాగం ఇంజిన్‌కు ఆనించి కిక్ కొట్టాలి. దగ్గర్లో కారిన పెట్రోలు ఉండకూడదు. నీలి తెలుపు రంగులో గట్టి మెరుపు రావాలి. సన్నగా ఎర్రగా వస్తే ప్లగ్, క్యాప్, కాయిల్ వైర్లు వరుసగా మార్చి చూడాలి. కళింగపట్నం, భావనపాడు, బారువ, చింతపల్లి లాంటి తీర గ్రామాల్లో చేపల పెట్టెలు మోసే బళ్లకు ఉప్పునీరు కారి వైర్ల చివర్లు పచ్చగా చిలుం పడతాయి. కాయిల్‌ను ఛాసిస్‌కు బిగించే బోల్టు దగ్గర తుప్పు పడితే ఎర్త్ అందదు. గీకి శుభ్రం చేసి గ్రీజు రాస్తే పోయే లోపానికి సీడీఐ యూనిట్ (స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చేసిన సందర్భాలు తక్కువ కాదు. ఆ ఉప్పే బురదతో కలిసి సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల మధ్య గడ్డకడితే గాలితో చల్లబడే ఇంజిన్‌కు ఊపిరాడదు. మంచినీళ్లతో కడగడం ఆ బళ్లకు ముస్తాబు కాదు, మెయింటెనెన్స్.

బ్యాటరీ డౌన్ అయితే బండి స్టార్ట్ కాదన్న నమ్మకం అన్నిటికీ వర్తించదు. పాత 100 సీసీ బళ్లలో చాలావాటికి స్పార్క్‌కు కావాల్సిన కరెంటు నేరుగా మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తుంది. బ్యాటరీ లేకున్నా కిక్‌తో స్టార్ట్ అవుతాయి. డీసీ ఇగ్నిషన్ (బ్యాటరీ కరెంటుతో స్పార్క్ పుట్టించే పద్ధతి) ఉన్న బళ్లకే బ్యాటరీ తప్పనిసరి.

శబ్దం లేని టాపెట్

పాత బండి విషయంలో అందరూ తప్పుగా అర్థం చేసుకునే భాగం టాపెట్. వాల్వ్ కాడకు, దాన్ని నొక్కే రాకర్‌కు మధ్య ఉండాల్సిన ఖాళీ చిన్న ఇంజిన్లలో మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఖాళీ పెరిగితే టక్ టక్ మని చప్పుడు వస్తుంది. చప్పుడు వస్తే యజమానికి టెన్షన్. "శబ్దం తీసేయ్" అంటాడు. మెకానిక్ బిగిస్తాడు. బండి నిశ్శబ్దంగా వెళ్తుంది, ఇద్దరూ సంతోషిస్తారు.

ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. వాడే కొద్దీ వాల్వ్ తన సీటులోకి మెల్లగా దిగుతుంది, దాంతో ఖాళీ దానంతట అదే తగ్గుతూ వస్తుంది. ఇంజిన్ వేడెక్కితే వాల్వ్ కాడ పొడవు పెరిగి ఇంకా తగ్గుతుంది. ముందే గట్టిగా బిగించి ఉంటే వేడి మీద వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ సందులోంచి జారిపోతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ తన వేడిని వదిలేది సీటుకు ఆనినప్పుడే. ఆనడం మానేస్తే అంచు కాలి చిట్లుతుంది. లక్షణం స్పష్టంగానే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్‌కే స్టార్ట్, సంతలోనో రైల్వే గేటు దగ్గరో ఆపాక వేడి మీద ఎన్ని కిక్‌లు కొట్టినా పలకదు. సన్నగా వినిపించే టాపెట్ చప్పుడు పాత ఇంజిన్‌కు ఆరోగ్యమే. అసలు చప్పుడే లేని పాత ఇంజిన్‌ను అనుమానించాలి. సెట్టింగ్ ఇంజిన్ పూర్తిగా చల్లబడ్డాక, పిస్టన్ కంప్రెషన్ పైకొసలో ఉన్నప్పుడు, ఫీలర్ గేజ్ పెట్టి చేయాలి. వేలితో ఊపి చూసి చేసే సెట్టింగ్ చేయి తిరిగిన మెకానిక్ దగ్గర కూడా అంచనా మాత్రమే.

వేడి మీద ఆగే బండికి రెండో కారణం ఇగ్నిషన్ కాయిల్ లేదా పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు రావాలో సంకేతమిచ్చేది) వేడికి తెగిపోవడం. ఈ రెంటినీ వేరు చేయడం తేలికే. ఆగిన వెంటనే, చల్లబడకముందే స్పార్క్ చూడాలి. స్పార్క్ ఉండి కిక్ తేలిగ్గా దిగిపోతే వాల్వ్, స్పార్క్ లేకపోతే కాయిల్. షెడ్‌కు తోసుకెళ్లేలోపు ఇంజిన్ చల్లబడి లోపం మాయమవుతుంది కాబట్టి, ఈ పరీక్ష బండి ఆగిన చోటే చేయాలి.

పొగ, పొల్యూషన్ చీటీ

నల్లటి పొగ పెట్రోలు ఎక్కువై మండక వస్తుంది. చోక్ పట్టేయడం, ఫ్లోట్ లోపం, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్ కారణాలు. పొద్దున్నే తెల్లగా వచ్చి మాయమయ్యేది నీటి ఆవిరి, పట్టించుకోనక్కర్లేదు. నీలం పొగే ఆయిల్ మండుతోందని చెప్పేది. అది కనబడగానే "బోర్ చేయించాలి" అనేస్తారు. కానీ నీలం పొగ ఎప్పుడు వస్తోందన్నది చూడాలి. రాత్రంతా నిలబడ్డాక స్టార్ట్ చేసినప్పుడు ఒక్కసారి గుప్పుమని తర్వాత తగ్గితే వాల్వ్ సీళ్లు (వాల్వ్ కాడ వెంట ఆయిల్ దిగకుండా ఆపేవి). లోడ్ మీద, యాక్సిలరేటర్ ఇస్తున్నంతసేపూ వస్తే రింగులు, సిలిండర్. ఎస్.కోట నుంచి అరకు వెళ్లే అనంతగిరి ఘాట్ దీనికి మంచి పరీక్షా స్థలం. ఎక్కేటప్పుడు పొగ వస్తే రింగుల వైపు చూడాలి. యాక్సిలరేటర్ వదిలేసి గేరులో దిగి, మళ్లీ ఇచ్చినప్పుడు గుప్పుమంటే సీళ్ల వైపు చూడాలి. దిగేటప్పుడు సిలిండర్‌లో ఏర్పడే శూన్యం పైనుంచి ఆయిల్‌ను సీళ్ల సందులోంచి లాగుతుంది. సీళ్లు మార్చడానికి హెడ్ దింపితే చాలు, లేత్ పని ఉండదు.

ఆర్ఎక్స్ 100 లాంటి టూ-స్ట్రోక్ బళ్లు ఆయిల్ మండించడానికే పుట్టాయి కాబట్టి ఈ లెక్క వాటికి వర్తించదు.

ఎవరూ వాడుకోని ఆనవాలు ఒకటి జేబులోనే ఉంటుంది. పొల్యూషన్ చీటీ మీద కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ అంకె ముద్రించి ఉంటాయి. 2000 మార్చి తర్వాత తయారైన, బీఎస్-4కు ముందటి ఫోర్-స్ట్రోక్ బళ్లకు పరిమితి 3.5 శాతం, 4,500 పీపీఎం. పాసా ఫెయిలా అన్నది చూసి చీటీ మడిచి పెట్టేస్తారు. పోయినసారి చీటీతో పోల్చి చూస్తే అది ఇంజిన్ రిపోర్టే. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే పెట్రోలు పాలు ఎక్కువైంది. అది మామూలుగా ఉండి హైడ్రోకార్బన్ ఒక్కటే పెరిగితే పెట్రోలు మండకుండా బయటికి వస్తోంది. స్పార్క్ తప్పడమో, వాల్వ్ లీకో, లీన్ మిశ్రమమో అయి ఉండాలి. అయితే మెషిన్ గొట్టం నిజంగా సైలెన్సర్‌లో పెట్టి తీసిన చీటీకే ఈ విలువ.

దుమ్ము, ఆయిల్

ఇంజిన్‌ను నిజంగా అరగదీసేది వయసు కంటే దుమ్ము. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దారుల్లో, గ్రావెల్ రోడ్ల మీద తిరిగే బళ్లలో ఫిల్టర్ చిరిగినా, దాని పెట్టె మూత సరిగా కూర్చోకపోయినా రాతి పొడి నేరుగా సిలిండర్‌లోకి వెళ్తుంది. అది ఆయిల్‌తో కలిస్తే సానపట్టే ముద్దే. "పికప్ కోసం" ఫిల్టర్ తీసేసి నడిపే బళ్లు బోర్‌కు త్వరగా రావడానికి కారణం ఇదే. స్పాంజి ఫిల్టర్‌ను కిరోసిన్‌లో ఉతికి పిండి, ఇంజిన్ ఆయిల్ తడి చేసి మళ్లీ వాడొచ్చు. కాగితం ఫిల్టర్‌ను ఉతకకూడదు, మార్చాలి.

చాలా 100 సీసీ ఇంజిన్లలో కార్లలాగా మార్చుకునే ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక జల్లెడ, తిరిగే వేగానికి మడ్డిని అంచుకు విసిరే ఒక గిన్నె, అంతే. పట్టే ఆయిల్ లీటరు అటూ ఇటూ. అదే ఆయిల్ గేర్లకూ క్లచ్‌కూ పనిచేస్తుంది. అందుకే సమయానికి మార్చడం పెద్ద ఇంజిన్ల కంటే వీటికే ఎక్కువ అవసరం. రెండు మూడు వేల కిలోమీటర్లకు ఒకసారి, బండి తక్కువ తిరిగినా ఏడాదికోసారి మార్చాలి. కారు ఆయిల్ పోయకూడదు. రాపిడి తగ్గించే రసాయనాలు ఉన్న కారు ఆయిల్‌తో క్లచ్ ప్లేట్లు జారతాయి, ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. అది చూసి ఇంజిన్ బలం తగ్గిందనుకుంటారు. డబ్బా మీద "జేఏఎస్ఓ ఎంఏ" (బైక్ క్లచ్‌కు సరిపోయే ఆయిల్ అని చెప్పే ప్రమాణం) అన్న గుర్తు చూసి కొంటే ఈ గొడవ ఉండదు. హోండా తరహా ఇంజిన్లలో డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. బిగించి తీస్తే ఆయిల్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.

తుఫాను నీట మునిగితే

2014 హుద్‌హుద్, 2018 తిత్లీ, 2021 గులాబ్ తుఫాన్లను చూసిన ప్రాంతం ఇది. నాగావళి, వంశధార పొంగితే బళ్లు నీళ్లలో నిలవడం కొత్త కాదు. నీళ్లు తీశాక మొదట చేసే పనే అన్నిటికంటే ప్రమాదకరం, అదే కిక్ కొట్టడం లేదా సెల్ఫ్ నొక్కడం. గాలిలా నీరు నలగదు. సిలిండర్‌లో నీరుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, అప్పుడు మాత్రం ఇంజిన్ పని తప్పదు.

ముందు ప్లగ్ విప్పాలి. ప్లగ్ లేకుండా మెల్లగా కిక్ తొక్కి నీరు బయటికి పంపాలి. ఇంజిన్ ఆయిల్ దింపి చూడాలి, పాల రంగులో ఉంటే నీరు కలిసినట్టే. ట్యాంకు, ఫ్లోట్ గిన్నె, ఎయిర్ ఫిల్టర్ పెట్టె ఖాళీ చేయాలి. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ వేసి మళ్లీ కిక్ తొక్కితే రింగులు తుప్పు పట్టవు. కొత్త ఆయిల్ పోసి కొద్ది దూరం నడిపి, దాన్ని కూడా పారబోసి మళ్లీ పోయాలి. ఇదంతా రెండు మూడు రోజుల్లోపు జరగాలి. వారం ఆగితే బేరింగులకు తుప్పు మొదలవుతుంది. సముద్రపు నీరైతే అంత గడువు కూడా ఉండదు.

నిజంగా బోర్ చేయించాల్సింది ఎప్పుడు

పెట్రోలు, గాలి, స్పార్క్, టాపెట్ అన్నీ సరిగా ఉండి కూడా బండి లాగకపోతే కంప్రెషన్ గేజ్ పెట్టించాలి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో పెద్ద షెడ్లలో ఇది దొరుకుతుంది. ఇంజిన్ వేడి మీద, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్ కొట్టి అంకె చూస్తారు. తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ చూడాలి. ఆయిల్ రింగుల సందును తాత్కాలికంగా మూస్తుంది. అంకె గట్టిగా పెరిగితే లీకు రింగుల దగ్గర, పెరగకపోతే వాల్వుల దగ్గర. రెండో సందర్భంలో వాల్వులు గ్రైండ్ చేసి కూర్చోబెడితే సరిపోతుంది, సిలిండర్ ముట్టుకోనక్కర్లేదు.

లీకు రింగుల దగ్గరేనని తేలాక కూడా బోర్ అనివార్యం కాదు. బ్లాక్ దింపి బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద కొలవాలి. సిలిండర్ గుండ్రంగా, గీతలు లేకుండా, కంపెనీ చెప్పిన హద్దులో ఉంటే కొత్త రింగులు చాలు. హద్దు దాటితేనే లేత్ పని. ఇనుప స్లీవ్ ఉన్న పాత బ్లాకులకు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల పెద్ద సైజు పిస్టన్లు వస్తాయి. అంటే ఒక బ్లాకుకు నాలుగు అవకాశాలే. అవసరం లేకుండా బోర్ చేయిస్తే డబ్బుతో పాటు వాటిలో ఒకటి ఖర్చయిపోతుంది. 0.25తో పోయే అరుగుదలకు నేరుగా 0.50 వేయించినా అంతే. పిస్టన్ కొన్నాక, దాన్ని కొలిచి ఆ కొలతకే బోర్ చేయాలి, చివర్లో హోనింగ్ (సాన రాళ్లతో రుద్దడం) గీతలు అడ్డదిడ్డంగా సన్నగా కనిపించాలి. ఆయిల్ నిలిచేది ఆ గీతల్లోనే. అద్దంలా నున్నగా వచ్చిన బోర్ చూడటానికి బాగుంటుంది, కానీ రింగులు అందులో సరిగా కూర్చోక ఆయిల్ తాగుతూనే ఉంటుంది.

పని అయ్యాక పాత పిస్టన్, రింగులు అడిగి తీసుకోవాలి. నిజంగా అరిగాయో లేదో అప్పుడే తెలుస్తుంది. మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంతో గంటల తరబడి నడపకుండా, ముగ్గురెక్కకుండా, వేగం మారుస్తూ నడిపి ఆయిల్ మార్చాలి. కొత్త రింగులు సిలిండర్‌తో సర్దుకునేటప్పుడు రాలే లోహపు పొడి మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది. ఆ ఆయిల్ మార్చేటప్పుడే టాపెట్లు కూడా మరోసారి కొలిపించాలి. హెడ్ విప్పి బిగించిన ఇంజిన్‌లో ఆ ఖాళీ మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే మారుతుంది.